పదిమంది నోట నా జబ్బు

"మీ రెజ్యూమేలో రెండేళ్ళు ఖాళీ ఉంది, ఏం చేశారు?" అని ఈ అమెరికాలో ఎవరూ మొహం మీద అడగరు. తల ఓ పక్కకి వంచి, చక్కగా నవ్వి, "ఈ మధ్యకాలంలో మీ ప్రయాణం గురించి చెప్పండి" అంటారు. ప్రయాణమట! మోరిస్‌విల్‌లో మా ఇంటి నుంచి ఆస్పత్రికి పదకొండు మైళ్ళు, ఆస్పత్రి నుంచి ఇంటికి పదకొండు మైళ్ళు. నేను చేసిన ప్రయాణం అదీ.

నలభై మూడో ఏట నాకు రొమ్ము కాన్సర్ వచ్చింది. అప్పటికి పదహారేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి పట్టుకోవడం మా పని. ఆ తప్పుని బగ్ అంటాం. ప్రతి బగ్‌కీ ఓ నంబరు ఇచ్చి, ఎప్పుడు కనిపించింది, ఎంత తీవ్రమైనది, మళ్ళీ వస్తోందా లేదా అని రాసి పెడతాం. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టినదాన్ని, నా ఒంట్లో దాన్ని మాత్రం ఏడాది పాటు కనిపెట్టలేకపోయాను. ఆపరేషన్, ఆర్నెల్లు కీమో, ఆ పైన రేడియేషన్, ఆ పైన మనిషిలా లేచి తిరగడానికి ఇంకో ఏడాది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. రెండో నెలలోనే గడువు అయిపోయింది, మళ్ళీ రెన్యూ చెయ్యలేదు.

తగ్గాక ఉద్యోగం వెతుక్కున్నది కాలక్షేపానికి కాదు. మా ఆయన కంపెనీలో మూడు నెలలకోసారి మనుషుల్ని తీసేస్తున్నారు. ఆయనకీ నాకూ మా పాపకీ, ముగ్గురికీ ఇన్సూరెన్సు ఆయన ఉద్యోగం మీదే ఉంది. నాకు ఆర్నెల్లకోసారి స్కాన్ ఉంది, రోజూ మింగాల్సిన మాత్ర ఉంది. ఆయన ఉద్యోగం ఊడితే ఆ స్కాన్ ఎవరు తీస్తారు? ఈ మాట ఆయన ఎప్పుడూ నాతో అనలేదు. సోమవారం పొద్దున లాప్‌టాప్ తెరిచేటప్పుడు మాత్రం ఓ క్షణం ఊపిరి బిగబట్టేవారు, నేను వంటింట్లోంచి చూస్తూ ఉండేదాన్ని. ఈ ఇంట్లో ఇంకో ఉద్యోగం ఉండి తీరాలని అప్పుడే అనుకున్నాను. తొమ్మిది నెలలు అప్లికేషన్లు పంపాను. రెండేళ్ళ ఖాళీ చూసి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు.

ఇక నన్ను అక్కా అని పిలిచే ఓ అమ్మాయి గురించి చెప్పాలి. నా సొంత చెల్లెలేం కాదు. తనది హనుమకొండ, నాది తెనాలి, ఇండియాలో అయితే ఎదురుపడేవాళ్ళమే కాదు. ఎనిమిదేళ్ళ కిందట ఇక్కడ ఎమ్మెస్ చదువుతూ మాక్‌ల కోసం మా ఇంటికి వచ్చింది. మాక్ అంటే ఉత్తుత్తి ఇంటర్వ్యూ. అప్పట్లో శనివారం పొద్దున్నే మా డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురైదుగురు స్టూడెంట్లు చేరేవాళ్ళు. నేను ఇడ్లీలు పెట్టి, ప్రశ్నలు అడిగి, వాళ్ళ సమాధానాల్ని చీల్చి చెండాడేదాన్ని. ఎవరైనా అసలు ఇంటర్వ్యూకి వెళ్ళొస్తే అక్కడ ఏం అడిగారో, ఏం చెబితే పని జరిగిందో ఒక షీట్‌లో రాసి పెట్టేవాళ్ళు, తర్వాతి వాళ్ళు చదువుకోవడానికి. మనవాళ్ళలో ఇది మామూలే, ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి షీట్ ఒకటి తిరుగుతూ ఉంటుంది. మా ఊళ్ళో దాన్ని మొదలుపెట్టింది నేనే. మీ బలహీనత ఏమిటి అన్న ప్రశ్నకి, "చేపట్టిన పని పూర్తయ్యేదాకా వదల్లేకపోవడమే నా బలహీనత" అని అందులో నేను రాసిన ముక్కని ఎంతమంది ఎన్ని ఆఫీసుల్లో వల్లె వేశారో నాకే తెలీదు.

మిగతావాళ్ళు ఉద్యోగం రాగానే ఒక స్వీట్ బాక్స్ ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి మాత్రం మమ్మల్ని వదల్లేదు. అక్కా అంటూ తిన్నగా వంటింట్లోకి వచ్చేసేది, మూతలు తీసి చూసేది. కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తర్వాత స్టూడెంట్లకి ఉద్యోగాలు ఇప్పించే ఓ కన్సల్టెన్సీలో చేరింది. వాళ్ళని ఇంటర్వ్యూలకి తయారు చేయడం తన పని. ఒకరకంగా మా డైనింగ్ టేబుల్ పనే, జీతానికి చేసేది. నా కీమో మొదలయ్యేసరికి మా ఆయన సెలవులన్నీ ఆపరేషన్‌కే అయిపోయాయి. మూడు వారాలకోసారి, గురువారం నాడు, ఆ అమ్మాయే నన్ను కార్లో తీసుకెళ్ళేది. నేను సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంటే రేడియో కట్టేసేది. వాంతి వస్తే బండి పక్కకి ఆపి నా నుదురు పట్టుకునేది. చెప్పొద్దూ, కన్నతల్లి చేసినట్టు చేసింది. ఆ మాట ఇప్పటికీ కాదనను. కాదనగలిగితే నా కడుపు ఇంతగా మండేది కాదు.

ఉద్యోగం వేటలో పడ్డాక నాకు మాక్‌లు పెట్టింది కూడా తనే. బల్లకి అటువైపు కూర్చునేదాన్ని ఇటువైపు వచ్చి కూర్చున్నాను. మాటలు గుర్తొచ్చేవి కాదు. కీమో తర్వాత కొందరికి అలా అవుతుంది, తెలిసిన మాటే నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ నేను అందరినీ అలవోకగా అడిగిన ప్రశ్నలే నన్ను పట్టుకుని పీకాయి. అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు? మా డాక్టరమ్మ కూడా అయిదేళ్ళ గురించే మాట్లాడుతుంది, తల్లీ, ఆవిడకే తెలీదు, నాకేం తెలుసు! ఈ ఉద్యోగం మీకెందుకు కావాలి? ఇన్సూరెన్సు కోసం. నేనలా అంటుంటే ఆ అమ్మాయి పకపకా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. రెండేళ్ళలో నేను కడుపారా నవ్వింది ఆ శనివారాల్లోనే.

ఖాళీ గురించి ఏం చెప్పాలన్న దగ్గరే ఎటూ తేలలేదు. అందరూ ఇచ్చిన సలహా ఒకటే. జబ్బు మాట ఎత్తకు, వాళ్ళు అడగకూడదని చట్టం ఉంది, ఫామిలీ కారణాలు అనేసి ఊరుకో. మొదటి మాక్‌లో అలాగే అన్నాను. ఆ అమ్మాయి పెన్ను కింద పడేసింది.

"అక్కా, నువ్వు ఫామిలీ రీజన్స్ అంటుంటే జైలుకి పోయొచ్చినట్టే ఉన్నది. నిజం చెప్పు. నిమిషంన్నరల చెప్పు. గానీ ఇంకెవ్వరూ చెప్పలేనిది చెప్పు."

నా దగ్గర అలాంటిది ఒకటి ఉంది. కీమో రోజుల్లో ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నానో, దేనివల్ల ఏం జరుగుతోందో గుర్తుండేది కాదు. చేతి అలవాటు కొద్దీ బగ్‌లు రాసినట్టే రాసుకున్నాను. పాదాల్లో తిమ్మిరి, తీవ్రత రెండు, సాయంత్రాలు ఎక్కువ. వికారం, తీవ్రత ఒకటి, నాలుగో రోజుకి తగ్గుతోంది. పన్నెండో నంబరు, నాలుకకి రుచి తెలియడం లేదు. దాని పక్కన తాత్కాలిక పరిష్కారం అన్న గడిలో, ఉప్పు పాప చూస్తుంది అని తెలుగులో రాశాను. మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను ఓపిక తెచ్చుకుని పప్పు వండిన రోజున స్టూలెక్కి, గరిటెలో కాస్త తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుని, నాలిక్కి రాసుకునేది. "అమ్మా, కొంచెం మోర్" అనేది, లేదా బొటనవేలు పైకెత్తేది. అది చూడబట్టే ఆ ఇంట్లో ఇంకా నేనే వంట చేస్తున్నానని అనిపించేది. ఆ కాయితాలు చూసి కీమో నర్సు ఓ కాపీ అడిగింది, మిగతా పేషెంట్లకి చూపిస్తానని. ఇచ్చాను.

నా సమాధానం ఇదేనని ఆ అమ్మాయి తేల్చేసింది. దాన్ని నిమిషంన్నరలోకి తేవడానికి అయిదు శనివారాలు పట్టింది. పాప ఉప్పు చూసిన చోటుకి రాగానే నా గొంతు పూడుకుపోయేది. మూడోసారైతే బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాను. ఆ అమ్మాయి లేచి వచ్చి నా వీపు నిమిరింది. అక్కడ ఆగు అక్కా, ఊపిరి తీస్కో, తొందరేం లేదు అంది. నువ్వే చూసుకుని దిద్దుకోవచ్చని వీడియో కూడా తీసింది, నా ఏడుపుతో సహా. నేను ఎందుకు వద్దంటాను? వాంతులప్పుడు నుదురు పట్టుకున్న మనిషి దగ్గర దాచుకునేదేం ఉంటుంది.

ఇంకో మూడు నెలలకి ఒక పిలుపు వచ్చింది. ఆస్పత్రులకి సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఓ మధ్యరకం కంపెనీ. ఇంటికి ఇరవై నిమిషాల దూరం, టెస్టింగ్ లీడ్ ఉద్యోగం, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్సు. ఆ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పింది కూడా ఆ అమ్మాయే. మొదటి రెండు రౌండ్లూ దాటేశాను. మూడోది, ఆఖరుది, డైరెక్టరుతో వీడియోలో. ఆ వేళ మా ఆయన పాపని తీసుకుని లైబ్రరీకి వెళ్ళిపోయారు, ఇంట్లో చప్పుడు లేకుండా. నేను మెడ దాకా ఉన్న టాప్ వేసుకున్నాను. కీమో ఎక్కించడానికి కాలర్ ఎముక కింద, చర్మం లోపల పెట్టిన పోర్టు తీసేశాక అక్కడ రెండంగుళాల మచ్చ మిగిలింది. జబ్బు గురించి నోటితో చెప్పడానికి సిద్ధపడ్డాను గానీ, అది కళ్ళకి కనపడటం ఇష్టం లేకపోయింది.

డైరెక్టరు యాభై దాటిన అమెరికన్ ఆవిడ, నెమ్మదస్తురాలు. అరగంటసేపు పని గురించి మాట్లాడుకున్నాం. ఇద్దరు టెస్టింగువాళ్ళు కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంది, ఒకరి మాట ఇంకొకరు అందుకుంటూ. ఉద్యోగం వచ్చేసిందనే అనుకున్నాను. అప్పుడు ఆవిడ ప్రయాణం ప్రశ్న అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. బగ్‌ల దగ్గరికి రాగానే ఆవిడ రాసుకోవడం ఆపేసింది. మనసుకి తాకిందనుకున్నాను, పిచ్చిమొహాన్ని. పాప స్టూలెక్కే చోటుకి వచ్చాను, ఆగిపోయాను.

ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఇది మీకు ఎవరు రాసిచ్చారు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషులోనే అడిగింది, ప్రతి మాటా స్పష్టంగానే అడిగింది, అయినా నాకు అర్థం కాలేదు. క్షమించండి, మళ్ళీ చెబుతారా అన్నాను.

"ఈ బగ్‌ల కథ ఈ నెలలో నేను వినడం ఇది మూడోసారి. పోయినవారం వచ్చినాయనకి కొడుకు. ఉప్పు చూసింది ఆ కొడుకే. ఆయన కూడా సరిగ్గా ఇక్కడే ఆగాడు."

ఇది నా కథండీ అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. వాళ్ళూ సొంత కథలాగే చెప్పారు అంది ఆవిడ. కోపంగా కూడా అనలేదు, కోపంగా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. మా అక్క ఈ జబ్బుతోనే పోయింది, దీన్ని ఇలా కూడా వాడుకుంటారని నేను అనుకోలేదు అని, ఎటో చూస్తూ అంది.

నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. ఒక్క లాగు లాగితే చాలు, మచ్చ కనిపిస్తుంది. అంతకంటే కావాలంటే ఇంకా కిందకి లాగాలి. ఉద్యోగం కోసం, ముక్కూమొహం తెలియని మనిషికి, కంప్యూటర్ ముందు కూర్చుని రొమ్ము లేని చోటు చూపించాలా? చెయ్యి దించేశాను. ఆవిడ నా టైమ్‌కి థాంక్స్ చెప్పింది, తెర మీద ఆవిడ మొహం పోయి నా మొహం మిగిలింది.

ఎవరు చేశారో ఆలోచించాల్సిన అవసరం లేదు. ఉప్పు సంగతి ఈ భూమ్మీద నలుగురికే తెలుసు. నాకు, మా ఆయనకి, మా పాపకి, ఆ అమ్మాయికి. కాయితాలు చూసిన నర్సుకి తెలుగు గడుల్లో ఏం రాశానో తెలీదు, అది నేను ఆవిడకి తర్జుమా చేసి చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ కన్సల్టెన్సీకి వెళ్ళాను. ఇండియన్ కిరాణా కొట్టు పైన రెండు గదులు. ఆ అమ్మాయి నన్ను చూడగానే కుర్చీలోంచి లేచి, ఎట్లయింది అక్కా, రాత్రి నించి ఫోన్ ఎత్తవేంది అంది. మొహంలో ఏ తప్పూ చేసిన జాడ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా సమాధానం ఎంతమందికి ఇచ్చావే?" అన్నాను.

బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించినా బాగుండేది. తను లాప్‌టాప్ నా వైపు తిప్పింది, చూసుకో అన్నట్టు. నేను మొదలుపెట్టిన షీటే, ఇప్పుడు ఎన్నో రెట్లు పెరిగి ఉంది. అందులో ఒక వరస, అనారోగ్యం వల్ల ఖాళీ, బెస్ట్ ఆన్సర్ అని. కింద నా మాటలే, పొల్లు పోకుండా. పాప అన్న చోట గీత గీసి బాబు అని కూడా పెట్టారు, ఎవరికి ఏది కావాలంటే అది వాడుకోవడానికి. స్టూలెక్కిన దగ్గర వాక్యం విరిచి, "ఇక్కడ రెండు సెకన్లు ఆగాలి" అని రాసి ఉంది. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చిన చోటు అది. నా వీపు నిమిరిన చేతితోనే ఆ ముక్క రాసింది.

ఆ అమ్మాయి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకుంది. నా పేరు తీసేసిందట. మూడు నెలల కిందటే పెట్టిందట, వీళ్ళని ఆ కంపెనీకే పంపిస్తారని అప్పుడు తనకి తెలీదట, పంపేది వేరేవాళ్ళట. ముగ్గురికి ఉద్యోగాలు వచ్చాయట దాంతో. పాప బదులు కొడుకుని పెట్టుకున్నాయన గురించి మాత్రం గొంతు తగ్గించి చెప్పింది.

"ఆయన నిజంగనే బీమారక్కా. పద్నాలుగు నెలలు రూములకెల్లి బయటికి రాలే. డిప్రెషన్. అది చెప్తే జాబ్ ఎవడిస్తడు? నీది చెప్తే కనీసం అయ్యో పాపం అంటరు."

ఆ మనిషి మీద నాకిప్పటికీ కోపం లేదు. కానీ ఆ నిమిషాన జాలి కూడా పుట్టలేదు. పుట్టిందని చెప్పి మంచిదాన్ని అనిపించుకోలేను. అయ్యో పాపం అనిపించుకునే జబ్బు నాది కాబట్టి దాన్ని బట్టల దుకాణంలో చొక్కాలా తొడిగి చూపించేశారు, అంతే నాకు అర్థమైంది. ఆ షీట్ నువ్వే షురూ చేసినవ్ కదా అక్కా, నువ్వు రాసిచ్చినవి మేమందరం చెప్పలేదా అని కూడా అడిగింది ఆ అమ్మాయి. ఆ దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. అవును, నేనే మొదలుపెట్టాను. ఇంకొకరి నోటికి మాటలు కుట్టివ్వడం వీళ్ళందరికీ ఇడ్లీలు పెట్టి మరీ నేర్పించాను. కానీ నేను రాసిచ్చినవి ఒట్టి అబద్ధాలు, ఎంతమంది చెప్పినా వాటికి పోయేదేం లేదు. ఇది నాకు జరిగింది. ఇక నేను చెబితే ఎవరూ నమ్మరు. ఇదే మాట తనతో అన్నాను, అరిచానేమో కూడా, పక్కగదిలో ఎవరో పాఠం ఆపేశారు.

ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నా చెయ్యి పట్టుకోబోయింది. సారీ చెబుతుందనుకున్నాను. ఆ మాట వింటే ఎక్కడ మెత్తబడిపోతానోనని భయం కూడా వేసింది.

"నువ్వు పరేషాన్ కాకక్కా. నీకు వేరేది రాసిస్త. ఇంతకన్నా మంచిది" అంది.

నేను వచ్చేశాను. ఆ తర్వాత తను చాలాసార్లు ఫోన్ చేసింది, రెండుసార్లు ఇంటికొచ్చి బెల్లు కొట్టింది. పాప పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పిన్ని వచ్చింది కదా, వై అని అడిగింది. ఏం చెప్పను దానికి? నీ గరిటె పట్టుకెళ్ళి ఊళ్ళోవాళ్ళకి పంచిపెట్టిందని చెప్పనా?

కంపెనీ నుంచి కుదరదని మెయిల్ వచ్చింది, రెండు లైన్లు. మా ఆయన ఊరుకోలేదు. ఆస్పత్రి నుంచి ఉత్తరం తెచ్చి పంపు, మొహాన కొట్టినట్టు ఉంటుంది అన్నారు. నాకూ అదే సరైనదనిపించింది. డాక్టరమ్మ రెండు పేజీలు రాసిచ్చింది, జబ్బు మొదలైన రోజు నుంచి అన్నీ. కంపెనీ రిక్రూటర్‌కి ఫోన్ చేసి ఎక్కడికి పంపాలని అడిగాను. ఆ కుర్రది కంగారుపడిపోయింది. వద్దండీ, పంపకండి, అభ్యర్థుల ఆరోగ్యానికి సంబంధించిన కాయితాలు మేం తీసుకోకూడదు, అది మీ మంచికోసం పెట్టిన రూలే అంది. నిజంగానే నా మంచికోసం పెట్టిన రూలే. నా జబ్బు చూసి ఎవరూ నన్ను కాదనకూడదని చట్టం చేశారు, బాగుంది. నా జబ్బు నిజమని చూపించుకోవడానికి మాత్రం అందులో దారి లేదు. ఉత్తరం మడిచి ఫైల్లో పెట్టేశాను.

రెండు నెలల తర్వాత ఇంకో చోట నుంచి పిలుపు వచ్చింది. ఆఖరి రౌండ్‌లో మేనేజరు మంచి మనిషి, నవ్వుతూ ఆ ప్రశ్నే అడిగాడు. నిజం నోటిదాకా వచ్చింది. ఇతను కూడా ఎక్కడో విని ఉంటే? పెన్ను కింద పెట్టి, కళ్ళజోడు తీసేస్తే? నేను ఏదీ సిద్ధం చేసుకుని వెళ్ళలేదు, ప్రమాణం చేసి చెబుతున్నాను.

"మా అత్తగారికి రొమ్ము కాన్సర్ వచ్చిందండీ. రెండేళ్ళు దగ్గరుండి చూసుకున్నాను" అన్నాను.

ఎక్కడా తడబడలేదు. గొంతు పూడుకుపోలేదు. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఇప్పుడెలా ఉన్నారావిడ అని అడిగాడు. తగ్గిందండీ, బాగున్నారు అన్నాను. రాజమండ్రిలో మా అత్తగారు గుండ్రాయిలా ఉన్నారు, ఆ వేళకి గోదావరి గట్టున వాకింగ్ చేస్తూ ఉంటారు. నాలుగో రోజు ఆఫర్ వచ్చింది. మా ఆయనకి చెబితే, అమ్మతో మాత్రం అనకు అన్నారు. నేను చేరిన ఏడో వారంలో ఆయన ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా ముగ్గురి ఇన్సూరెన్సూ నా ఉద్యోగం మీదే నడుస్తోంది, కాబట్టి ఆ అబద్ధం మళ్ళీ చెప్పాల్సి వచ్చినా చెబుతాను.

చెప్పాల్సి వచ్చింది కూడా. స్కాన్ రోజుకి సెలవు కావాలి. అత్తగారికి స్కాన్ ఉందని అడిగాను. మేనేజరు ఇంకో మాట లేకుండా వెళ్ళమన్నాడు, ఆవిడ పక్కనే ఉండండి, పని ఎక్కడికీ పోదు అన్నాడు. ఆస్పత్రి గౌను వేసుకుని చల్లటి బల్ల మీద పడుకున్నాను, ఒక్కదాన్నే. రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. ఆ సంగతి ఆఫీసులో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు.

సోమవారం వెళ్ళేసరికి నా టేబుల్ మీద పువ్వులు, మా అత్తగారి పేరు మీద ఓ కార్డు ఉన్నాయి. టీమ్ అంతా సంతకాలు చేశారు. నా పక్క సీటావిడ అందులో అడుగున నాలుగు లైన్లు ఎక్కువ రాసింది. తనకీ ఈ జబ్బే వచ్చి తగ్గిందట, ఎవరికీ చెప్పలేదట. పడ్డవాళ్ళకి తప్ప ఇది ఎవరికీ తెలీదు, మీ అత్తగారికి ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నా నంబరు ఇవ్వండి అని రాసింది. ఆవిడా నేనూ రోజూ కలిసే భోంచేస్తాం. ఆవిడ వైపు తిరిగి, అత్తగారి తరఫున థాంక్స్ చెప్పాను.